సినీవా కప్పు

మా ఇంట్లో రహస్యాలు ఉండేవి కావు. ఉండటానికి చోటేదీ? మూడు గదుల చెక్క ఇల్లు, ముందొక వరండా, తలుపులకి బదులు పూల కర్టెన్లు, వాటి వెనక పదకొండు మందిమి. ఎవరి జీతం ఎంతో, ఎవరికి కడుపు పాడైందో, చర్చిలో ఎవరు ఎవరివంక దొంగచూపులు చూశారో, పొయ్యి మీద టారో దుంపలు ఉడికేలోగా ఇల్లంతా పాకిపోయేది. అలాంటి ఇంట్లో మా అమ్మ సినీవా ఒక్కటంటే ఒక్క విషయం దాచుకుంది. అది తెలుసుకోవడానికి మా మావయ్య పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వస్తుంది.

మొన్న బస్సులో గ్రే లిన్ మీదుగా వెళ్తూ ఆ ఇంటిని చూశాను. బూడిదరంగు వేశారు. ఆక్లండ్‌లో డబ్బున్నవాళ్ళందరికీ ఇప్పుడు ఆ రంగే కావాలి కాబోలు. మావయ్య భార్య లెయితూ అత్త బట్టలారేసే వరండాలో రెండే రెండు కుర్చీలు, ఒక కుక్క. పెరట్లో మేం రాళ్ళు కాల్చి పందిని వండే గుంట మీద గులాబీలు వేశారట, పక్కింటి ముసలావిడ ఎప్పుడో చెప్పింది. ఆ గులాబీలు ఏపుగా పెరిగి ఉంటాయి. పాతికేళ్ళ కొవ్వు తాగిన నేల అది! బస్సు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. నాకు ఆ ఇల్లు కావాలనిపించలేదు, ఆ ఇరుకు కావాలనిపించింది.

మా మావయ్య అసలు పేరు ఫెరెటీ. ఆ పేరుతో ఆయన్ని పిలిచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆయన మౌలోలో. అది మా కుటుంబం బిరుదు. సమోవాలో ఆ బిరుదు ఎవరికి కట్టబెడితే వాళ్ళే మటాయ్, అంటే కుటుంబానికి పెద్ద. భూమి ఎవరు సాగుచెయ్యాలి, ఎవరు ఎవర్ని పెళ్ళాడాలి, చర్చికి ఎంత ఇవ్వాలి, అన్నీ ఆయన నోట్లోంచి రావాలి. ఓటు కూడా అంతే. అప్పట్లో మా దేశంలో మటాయ్‌లకే ఓటు. మిగతావాళ్ళకి ఓటు లేకపోవడమేమిటని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇంటికి ఒక నోరు చాలదా అనుకునేవాళ్ళు.

ఇక్కడికొచ్చాక ఆ మౌలోలో సీసాల కర్మాగారంలో పగిలిన గాజు ఊడ్చేవాడు. మా నాన్న పోయాక మా అమ్మని, నన్ను తన దగ్గరికి పిలిపించుకున్నది ఆయనే. పనిలో ఆయన్ని ఫ్రెడ్ అని పిలిచేవారట. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, గోడకి వీపు ఆనించి చాప మీద కూర్చున్నాడంటే ఫ్రెడ్ మాయమై మళ్ళీ మౌలోలో వచ్చేసేవాడు. ఆయన ఎదురుగా మేం నిలబడి మాట్లాడేవాళ్ళం కాదు.

డెబ్బై అయిదులో ఇక్కడ చట్టం మారింది. పౌరులు కాకపోయినా, ఈ దేశంలో స్థిరంగా ఉండిపోవడానికి అనుమతి ఉంటే చాలు, ఓటెయ్యొచ్చన్నారు. అందరూ పేర్లు నమోదు చేయించుకోవాలన్నారు. మాకు అనుమతులున్నాయి, పౌరసత్వం లేదు. తీసుకోవడం మావయ్యకి ఇష్టం లేదు. "మన దేశం మనకుందిగా. అద్దెకున్న ఇల్లు బాగుందని ఇంటిపేరు మార్చుకుంటామా?" అనేవాడు. కానీ పోలీసులు తెల్లారకముందే వచ్చి మా వాళ్ళ తలుపులు కొట్టి కాగితాలు చూపించమనే రోజులవి. ఈ దేశం మమ్మల్ని కూడా ఏదో ఒకటి అడుగుతోందంటే, అదీ మర్యాదగా అడుగుతోందంటే, మాకు గొప్పగానే అనిపించింది.

మావయ్య వెంటనే పెద్దవాళ్ళందరి పేర్లూ రాయించాడు. మొత్తం ఎనిమిది ఓట్లు. చర్చి నుంచి ఇంటికి నడిచొస్తూ దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు.

"మౌలోలోకి ఈ దేశం ఎనిమిది ఓట్లిచ్చిందయ్యా! ఊళ్ళో ఒకటే ఇచ్చారు."

మీకు అర్థమైందిగా. అవి మా ఓట్లని ఆయనకి తట్టలేదు. నిజం చెప్పాలంటే మాలోనూ ఎవరికీ తట్టలేదు. మా అమ్మకి తప్ప.

అమ్మ ఆఫీసులు తుడిచేది. సెలవుల్లో నేనూ బకెట్ మోసుకుంటూ ఆమె వెనకే వెళ్ళేదాన్ని. ఒకరోజు పెద్ద బల్ల ఒకటి తుడుస్తూ గుడ్డ ఆపేసింది.

"ఊళ్ళో ఓట్లప్పుడు బల్ల సర్దింది నేనేనే, టిలో. మంచి గుడ్డ పరిచి, తెల్లపూలు పెట్టాను. పెట్టగానే ఇక బయటికి నడువమ్మా అన్నారు. హద్దురాళ్ళ వరస అవతల నిలబడ్డాం ఆడవాళ్ళందరం. మగాళ్ళందరూ కూడా కాదు, మటాయ్‌లే లోపలికెళ్ళారు. ఆ పెట్టె ఎట్లా ఉంటుందో కూడా చూళ్ళేదు నేను."

"ఇప్పుడు చూస్తావుగా. మావయ్య మన పేర్లు రాయించాడుగా."

"రాయించాడు. మనల్ని తీసుకెళ్తానన్నాడా?"

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఓటు కన్నా ఆదివారం వేసుకునే టోపీ మీద ధ్యాస ఎక్కువ. అమ్మ మళ్ళీ బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడుస్తూ కాసేపు ఉండిపోయింది. ఆమెకి అది ఎంత కావాలో నాకు ఆ క్షణాన తెలిసింది. మా అమ్మ జీవితంలో ఏదీ కావాలని నోరు తెరిచి అడగ్గా నేను చూళ్ళేదు. కొత్త చెప్పులు కూడా అడగలేదు.

ఎన్నికలకి ముందు ఆదివారం, అభ్యర్థుల్లో ఒకడైన హాకిన్ అనే పలాంగి, అంటే తెల్లదొర, మా చర్చికి వచ్చాడు. ప్రార్థనయ్యాక మాతోపాటు చాప మీద కూర్చుని గుంటలో కాల్చిన పంది మాంసం మూడుసార్లు వడ్డించుకున్నాడు. వేళ్ళు నాక్కున్నాడు కూడా. మావయ్యకి మనసు నిండిపోయింది. అందరి ముందు లేచి, మటాయ్ హోదాకి గుర్తైన చామరం భుజాన వేసుకుని, "మౌలోలో ఇల్లు మీ వెనక ఉంటుంది," అని మాటిచ్చేశాడు. మర్నాటినుంచి లెయితూ అత్త ఆయనకి పందిదొర అని పేరు పెట్టింది. మావయ్య వినకుండా అనేదిలెండి. మిగతా అభ్యర్థుల్లో ఒకావిడ నర్సుగా పనిచేసి మానేసింది, ఒకడు గడ్డం పంతులు, ఇంకొకాయన ఎవరో ఎవరికీ తెలీదు.

శనివారం ఎన్నిక. పొద్దున్నే మావయ్య స్నానం చేసి, నడుముకి చుట్టుకునే జేబుల బూడిదరంగు లవలవా కట్టి, తెల్లచొక్కా, టై, భుజం మీద కొబ్బరిపీచు చామరం. మా ఎనిమిది మంది ఓటరు కార్డులూ ఒక రుమాల్లో మూటకట్టాడు. పెద్దకొడుకు టవీటాని కారు తియ్యమన్నాడు. మేమంతా వరండాలో నిలబడి పంపించాం, పెళ్ళికొడుకుని సాగనంపినట్టు. అమ్మ మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది. టారో దుంప తొక్క తీస్తోంది. తొక్కతోపాటు సగం దుంప కూడా పోతోంది.

గంట తిరక్కుండానే కారు తిరిగొచ్చింది. మావయ్య ఎవరివంకా చూడకుండా లోపలికెళ్ళి తన చోట కూర్చున్నాడు. టవీటా నన్ను పెరట్లోకి లాగాడు. నవ్వు ఆపుకోలేక వాడి మొహం కందిపోయింది.

"ఏమైందిరా?"

"బల్ల దగ్గర ఒక పలాంగి ఆంటీ కూర్చుంది. నాన్న మూట విప్పి కార్డులన్నీ ఆవిడ ముందు పరిచాడు, పేకముక్కలు పరిచినట్టు. ఎనిమిది ఇవ్వండి అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. వీళ్ళంతా ఏరండీ అంది. ఇంట్లో ఉన్నారన్నాడు. పాపం, వాళ్ళకి ఒంట్లో బాలేదా అంది."

"మావయ్యేమన్నాడు?"

"వాళ్ళకేం, నేనున్నాను, అన్నాడు."

నాకూ నవ్వొచ్చింది. కానీ టవీటా నవ్వు అప్పటికే తగ్గిపోయింది.

"ఆవిడ మంచిదేనే. మీది మీరు వెయ్యండి సార్, వాళ్ళని కూడా రమ్మనండి, ఎవరిది వాళ్ళే వెయ్యాలి అని చెప్పింది. నాన్న ఆ ఒక్క కాగితం వంక చూసి, తీసుకోకుండా వచ్చేశాడు. వెనక లైన్లో పాస్టరమ్మ కూడా ఉంది టిలో. మొత్తం చూసింది."

అంటే సాయంత్రానికి గ్రే లిన్ అంతా తెలుస్తుందన్నమాట. పాపం మావయ్య. ఊడ్చిన గాజుముక్కలు గుచ్చుకున్నా నోరెత్తని మనిషి, ఆ ఒక్క కాగితానికి కుంగిపోయాడు. ఎనిమిదిమందికి పెద్దనని వెళ్ళి ఎనిమిదిమందిలో ఒకడై తిరిగొచ్చాడు. అది ఎంత దిగడమో మటాయ్ ఇంట్లో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది.

లోపల అందర్నీ కూర్చోమన్నాడు. మేం గోడల వెంబడి కాళ్ళు మడిచి కూర్చున్నాం.

"వీళ్ళ పద్ధతి వేరుగా ఉంది," అన్నాడు గొంతు సవరించుకుని. "అందరం వెళ్ళాలంట. సరే, వెళ్దాం. లోపల కాగితమిస్తారు. నాలుగు పేర్లుంటాయి. మనక్కావాల్సిన పేరు ఉంచి మిగతావి గీతపెట్టి కొట్టెయ్యాలంట. మనిషి పేరు కొట్టెయ్యడమేం మర్యాదో నాకైతే తెలీదు. హాకిన్ పేరు ఉంచి మిగతా మూడూ కొట్టెయ్యండి. అంతే. లేవండి."

ఎవరూ లేవలేదు. ఎందుకంటే అమ్మ లేవలేదు. చేతులకి ఇంకా టారో జిగురు అంటుకునే ఉంది.

"అన్నయ్యా, ఒక మాట అడగనా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వాళ్ళలో అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ మాట కాదనకూడదు. మటాయ్ అయినా సరే, తోబుట్టువు నోరు తెరిచి అడిగిందంటే తల వంచాల్సిందే. అయితే ఆ హక్కు పరుపు కింద దాచే నాణ్యమైన చాప లాంటిది. రోజూ తీసి పరిచేది కాదు. అమ్మ దాన్ని ఎప్పుడూ తియ్యలేదు. మావయ్య చూపు దించుకుని, "అడుగు చెల్లీ," అన్నాడు.

"ఊళ్ళో నువ్వు ఓటేసినప్పుడు, ఎవరికెయ్యాలో నీకెవరు చెప్పారు?"

"నాకా?" మావయ్య నిజంగానే తెల్లబోయాడు. "నాకెవరు చెప్తారు? మటాయ్‌కి ఎవరూ చెప్పరు. ఎవరికేశాడో మటాయ్ కూడా ఎవరికీ చెప్పడు."

"ఆరోజు బల్ల మీద పూలు ఎవరు పెట్టారో గుర్తుందా?"

ఆయన కాస్త ఆలోచించాడు. గుర్తులేదు.

"నేనే. పెట్టి, రాళ్ళ అవతలికెళ్ళి నిలబడ్డాను. నువ్వు లోపలికెళ్తుంటే నీ చామరం కొస ఒక్కటే కనపడింది నాకు. ఇక్కడ ఆ రాళ్ళు లేవంటున్నారన్నయ్యా. ఉన్నాయని నువ్వు చెప్పు. చెప్తే ఇక్కడ కూడా అవతలే నిలబడతాను. నువ్వు చెప్పినట్టు గీతలు గీసి వస్తాను. ఇంకెప్పుడూ అడగను."

ఉగ్గబట్టుకోలేని మనిషి లెయితూ అత్త ఒక్కతే.

"దానికేముందండీ, మమ్మల్నందర్నీ ఇప్పటికిప్పుడు మటాయ్‌లని చేసెయ్యండి, గొడవ వదిలిపోతుంది! మీ తమ్ముడు ఊళ్ళో చెయ్యలా? ఓట్ల ముందురోజు పనసచెట్టు కింద కూర్చోబెట్టి పాలుమానని పిల్లాడికి కూడా బిరుదిచ్చాడు!"

"నోర్ముయ్!" మావయ్య మొహం ఎర్రబడింది. "ఓట్ల కోసం పుట్టించిన మటాయ్‌లా! అది చూళ్ళేకే కదే ఊరొదిలొచ్చాను! బిరుదులు చిలగడదుంపలా, అడిగినోడికల్లా పంచడానికి?"

అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వంటింటి కిటికీలోంచి చూశాను. గుంట పక్కన, చల్లారిన రాళ్ళ దగ్గర, టై కట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. ఒక రాయి తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి ఉన్నచోటే పెట్టాడు. అమ్మ చేతులు కడుక్కుంటూ అటు చూడనేలేదు. అంత మాట అన్నయ్యని అన్నానే అని బాధ, అడగాల్సింది అడిగేశాననే నిబ్బరం, రెండూ ఆ మొహంలోనే ఉన్నాయి. ఒకటి ఇంకోదాన్ని ఓడించలేకపోయింది.

కాసేపటికి మావయ్య వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నా వంక చూశాడు.

"టిలో, కోకో ఉందా?"

"ఉంది మావయ్యా."

"పెద్ద గిన్నెలో పెట్టు. చిక్కగా కాదు, అందరికీ సరిపోవాలి. ఊరి నుంచి తెచ్చిన కొబ్బరికప్పు కడుగు."

ఆ కప్పు అవా అనే మొక్క వేరు నీళ్ళలో కలిపి పెద్దలకి ఇచ్చేటప్పుడు వాడేది. ఒకే కప్పు అందరికీ తిరుగుతుంది. ఎవరి ముందు ఎవరికి అందుతుందన్నదాని మీద ఊళ్ళలో తలలు పగిలిన సందర్భాలున్నాయి. ఒకడు నిలబడి, ఫలానా బిరుదువారి కప్పు అని గొంతెత్తి పిలుస్తాడు, ఇంకొకడు అందిస్తాడు. పిలవడం మటాయ్ చేసే పని కాదు. ఆయన కూర్చుని తన కప్పు పిలిచేదాకా ఎదురుచూడాలి. బిరుదు లేనివాళ్ళకి కప్పే లేదు.

మేమంతా మళ్ళీ గోడలవెంబడి కూర్చున్నాం. నేను గిన్నె ముందు. మావయ్య కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి, చామరం తీసి గోడకి తగిలించాడు.

"నేను ఎవర్నీ మటాయ్ చెయ్యట్లేదు. బాగా వినండి. బిరుదు బిరుదే. కానీ ఈ దేశం మీ పేర్లు రాసుకుంది. మీ అమ్మా నాన్నా పెట్టిన పేర్లు. వాటితోనే పిలుస్తోంది. వాళ్ళు పిలిచినప్పుడు, నేను పిలవకపోతే బాగుండదు."

అని గొంతెత్తాడు. ఊళ్ళో సముద్రం ఒడ్డున పిలిచే గొంతు. పక్కింటి కిటికీ తెరుచుకున్న చప్పుడు వినపడింది.

"ఇది... సినీవా కప్పు!"

మొదటి కప్పు! నా చేతిలో కోకో తొణికింది. నేను తీసుకెళ్ళి అమ్మకిచ్చాను. అమ్మ రెండు చేతులతో అందుకుంది. పద్ధతి ప్రకారం నాలుగు చుక్కలు చాప మీద ఒలకబోసి, "మనూయా," అంది. అందరికీ మేలు జరగాలని. ఆ గొంతు నాకు కొత్తగా వినపడింది. తాగి కప్పు తిరిగిచ్చేటప్పుడు ఆమె కళ్ళనిండా నీళ్ళు. వేడికి అనుకొమ్మన్నట్టు నోరు ఊదుకుంది.

తర్వాత లెయితూ కప్పు. అత్త ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. తర్వాత టవీటా కప్పు, నాది, టిలోమై కప్పు, అలా అందరివీ. చివర్న మావయ్య ఆగిపోయాడు. తనది తను పిలుచుకోకూడదుగా. అమ్మ కూర్చున్నచోటి నుంచే పిలిచింది.

"ఇది ఫెరెటీ కప్పు."

చిన్నప్పటి పేరు. ఎన్నేళ్ళైందో ఆ పేరు ఆయన విని! ఒక్క క్షణం ఆయన మొహంలో కోపమో ఏమిటో మెరిసింది. తర్వాత కింద కూర్చుని, మాతో సమానంగా చేతులు చాపాడు. హాకిన్ పేరు ఇక ఎత్తలేదు.

అందరం నడుచుకుంటూ వెళ్ళాం, అమ్మ తెల్లటోపీ పెట్టుకుని అందరికన్నా ముందు. మూల మీది స్కూలు హాల్లో పిల్లల బొమ్మలు అంటించిన గోడ పక్కనే అట్టలతో చేసిన మరుగులు. పొద్దుటి ఆంటీ మమ్మల్నందర్నీ చూసి లేచి నిలబడింది. అమ్మ కాగితం తీసుకుని మరుగులోకి వెళ్ళింది. వెళ్ళింది, ఇక రాలేదు. నేను వేసేశాను, టవీటా వేసేశాడు, లెయితూ అత్త వేసేసి వచ్చి బయట పక్కింటావిడతో కబుర్లు కూడా మొదలుపెట్టింది. అట్ట కింద అమ్మ తెల్లబూట్లు రెండూ కదలకుండా ఉన్నాయి. చివరికి ఆ ఆంటీ వెళ్ళి, ఏమైనా సాయం కావాలా అని మెల్లిగా అడిగింది.

లోపల్నుంచి అమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో, "ఒక్క నిమిషం అమ్మా. ముగ్గురి పేర్లు కొట్టెయ్యాలి కదా. ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను," అంది.

హాల్లో అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. తలూపాడు, చెయ్యాల్సిన పని చెయ్యాల్సినట్టే చేస్తోందన్నట్టు. అమ్మ బయటికొచ్చి, పెట్టెని నాలుగువైపులా చూసి, కాగితం వేసి, పెట్టె మూత మీద ఒకసారి అరచెయ్యి ఆనించింది.

అక్కడినుంచి మొదలైంది మావయ్యకి దురద. ఆరోజు రాత్రి రేడియోలో ఫలితాలు వస్తుంటే ఆయన రేడియో వినలేదు, అమ్మ మొహం చూస్తూ కూర్చున్నాడు. హాకిన్ దొర ఓడిపోయాడు. అమ్మ లవలవా అంచు కుడుతూనే ఉంది, సూది కూడా ఆగలేదు.

మేమంతా ఎవరికేశామో మర్నాటికల్లా ఆయనకి చెప్పేశాం. ఆయన అడగలేదు, మేమే ఆగలేక చెప్పేశాం. టవీటా అయితే, "నాన్నా, నీ మాట నిలబెట్టాను, హాకిన్‌కే," అని పెద్ద చేపముక్క వేయించుకుని తిన్నాడు. అమ్మ నోరు మాత్రం పెగల్లేదు. ఆ తర్వాత ప్రతి ఎన్నికకీ మా ఇంట్లో కోకో కాచాల్సిందే, పేరు పేరునా కప్పు పిలవాల్సిందే. ప్రతిసారీ మావయ్య ఏదో ఒక వల వేసేవాడు.

"చెల్లీ, ఆ నర్సమ్మ మంచిదే కదూ?"

"మంచిదే అన్నయ్యా."

"గడ్డం పంతులు?"

"ఆయనా మంచివాడే."

"అందరూ మంచివాళ్ళైతే పేర్లెట్లా కొట్టేశావే?"

"క్షమాపణ చెప్పుకుని."

ఆయనకి ఒళ్ళు మండేది, వెంటనే నవ్వొచ్చేది. ఇద్దరూ అలా నవ్వుకుంటుంటే చూడాలి మీరు. గాజు గుచ్చుకున్న చేతులు ఒకరివి, సబ్బునీళ్ళకి పాలిపోయిన చేతులు ఒకరివి, మధ్యలో ఒకే పళ్ళెం.

అద్దెలు పెరిగి గ్రే లిన్ మమ్మల్ని బయటికి తోసేసింది. మాంగెరె వచ్చేశాం. టవీటా సూపర్‌వైజరయ్యాడు, పౌరుడూ అయ్యాడు. నేనూ అయ్యాను. అమ్మా, మావయ్యా మాత్రం సమోవా పాస్‌పోర్టులతోనే ఉండిపోయారు, ఒక్క ఎన్నికా వదల్లేదు. పేర్లు కొట్టేసే పద్ధతి పోయి టిక్కు పెట్టే పద్ధతి వచ్చింది. అమ్మకి అది బొత్తిగా నచ్చలేదు. క్షమాపణ లేకుండా ఓటేమిటి అనేది.

మావయ్య మంచం పట్టిన ఏడాది కూడా ఎన్నికలొచ్చాయి. ఆయన ఓటు ఇంటికే వచ్చి తీసుకెళ్ళారు. ఎన్నిక రోజున ఆయన మంచం చుట్టూ ఇల్లంతా చేరింది. ఊరి నుంచి ఇద్దరు పెద్దలు కూడా వచ్చారు. ఎందుకొచ్చారో అందరికీ తెలుసు. మా వాళ్ళలో మటాయ్ పోయేముందు తన తర్వాత బిరుదు ఎవరిదో ఒక మాట అంటాడు. ఆ మాటని కుటుంబం మామూలుగా తీసెయ్యదు. టవీటా కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పాపం, వాడికి ఆ ఆశ ఉండటంలో తప్పేం లేదు.

ఈసారి నేనే గిన్నె ముందు కూర్చుని ఆయన బదులు కప్పులు పిలవబోతుంటే మావయ్య చెయ్యెత్తి ఆపాడు. గొంతు గాలిలా వస్తోంది.

"చెల్లీ. ఆరోజు... గ్రే లిన్‌లో. మొదటిసారి. ఎవరికేశావు? ఇప్పుడైనా చెప్పవే. నాతోపాటే వెళ్ళిపోతుందిగా ఆ మాట."

అందరం అమ్మవంక చూశాం. లెయితూ అత్త మెల్లిగా, "చెప్పెయ్ సినీవా, పాపం," అంది. అమ్మ మంచం పక్కనే కింద కూర్చుని ఉంది. ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. చావబోయే అన్నయ్య అడుగుతున్నాడు, ఏదీ కాదనని చెల్లెలు ఆమె. చెప్పేస్తుందనే అనుకున్నాను.

"చెప్పనన్నయ్యా," అంది అమ్మ.

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడింది. మేం కంగారుపడి లేచాం. తీరా చూస్తే నవ్వుతున్నాడు. దగ్గు ముంచుకొచ్చేదాకా నవ్వాడు. తర్వాత ఊరి పెద్దలవంక చూసి, "విన్నారుగా," అన్నాడు. నావైపు తిరిగి, "పిలువు. మౌలోలో కప్పు," అన్నాడు.

నేను పిలిచాను. "ఇది మౌలోలో కప్పు!" అని, మౌలోలో అంటే ఆయనే అన్న ఎన్నో ఏళ్ళ అలవాటుకొద్దీ కప్పు పట్టుకుని ఆయన మంచం వైపు నడిచాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కళ్ళతో అమ్మని చూపించాడు.

బిరుదు ఇక అమ్మదని నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఊరి పెద్దలకి నాకన్నా ముందే అర్థమైంది, ఇద్దరూ తలలు వంచారు. టవీటా కూడా వంచాడు, కొంచెం ఆలస్యంగా. అమ్మ రెండు చేతులతో కప్పు అందుకుంది. నాలుగు చుక్కలు చాప మీద ఒలకబోసింది. "మనూయా," అంది.

మావయ్య నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వంగి చెవి ఆనించాను.

"ఎవరికేసిందో నీకు తెలుసా టిలో?"

"తెలీదు మావయ్యా."

"నాకూ తెలీదే," అన్నాడు. ఆ మాట ఎంత గర్వంగా అన్నాడో!